ఇండికేటర్లు టకటకా కొట్టుకుంటే ముందు ఫ్లాషర్‌ను చూడుండ్రి, రెసిస్టర్ జోలికి పోకుండ్రి

బండికి ఎల్‌ఈడీ ఇండికేటర్లు ఏయించంగనే అవి టకటకా కొట్టుకుంటే చానా షాపులల్ల ఒకటే మాట: "రెసిస్టర్ ఏస్తే సెట్ అయితది అన్నా." సీటు కింద వైర్లు కోసి, మెలేసి, నల్ల టేప్ చుట్టి, రెసిస్టర్‌ను వైరింగ్ కట్టకే జిప్ టై ఏసి పంపిస్తున్నరు. ఈ పద్ధతి బంద్ కావాలె.

పాత బల్బు ఒక్కోటి 10 వాట్లు. ముందొకటి, వెనకొకటి కలిపి ఒక పక్కకు 20 వాట్లు, అంటే దగ్గరదగ్గర 1.7 ఆంపియర్లు. ఇండికేటర్లను వెలిగించి ఆర్పే చిన్న డబ్బానే ఫ్లాషర్. పాత ఫ్లాషర్ ఆ లోడ్‌ను బట్టే కొట్టుకుంటది. ఒక బల్బు మాడితే స్పీడ్ పెరుగుతది, నడిపేటోనికి తెల్వాలెనని. ఎల్‌ఈడీ మహా అంటే ఒకటి రెండు వాట్లు గుంజుతది. ఫ్లాషర్ లెక్కల బల్బులు పోయినట్టే. అందుకే ఉరుకుతది, లేకుంటే కొట్టుకోకుండ వెలిగి ఉండిపోతది.

ఏదన్న విప్పే ముందు ఒకటి చూస్కోండ్రి. రెండు పక్కలా ఉరుకుతున్నయా, ఒక్క పక్కనేనా? రెండు పక్కలా అయితే ఫ్లాషర్. ఒక్క పక్కనే అయితే ఫ్లాషర్‌ను ముట్టొద్దు, ఆ పక్క లైటో, కనెక్టరో, ఎర్తో (కరెంటు ఫ్రేమ్‌కు తిరిగి పోయే వైరు) చూడాలె. ఈ ఒక్క ప్రశ్న అడగకుండ సామాన్లు మార్చుడే ఎక్కువైంది.

ఫ్లాషర్ మార్చేదుంటే మూడు పిన్నులది, ఎల్‌ఈడీకి పనిచేసేది తీసుకోండ్రి. రెండు పిన్నుల దానికి సొంత ఎర్త్ ఉండదు, దానికి కావాల్సిన కరెంటు లైట్ల మీదికెల్లే తెచ్చుకుంటది. అందుకే కొన్నిట్ల ఆరాల్సిన టైంల కూడా ఎల్‌ఈడీ సన్నగ వెలుగుతుంటది. మూడు పిన్నుల మీద బీ, ఎల్, ఈ అని రాసి ఉంటది. కీ ఆన్ చేసి టెస్ట్ ల్యాంప్ పెడితే ఎప్పుడూ 12 వోల్టులు ఉండే వైరు బీకి, స్విచ్‌కు పోయే వైరు ఎల్‌కు. ఈకి కొత్త వైరు గుంజి, రింగ్ టెర్మినల్ ఏసి, ఫ్రేమ్ బోల్టు దగ్గర పెయింట్ గీకి బిగించాలె. పెయింట్ మీదనే బిగిస్తే ఎర్త్ రాదు. పిన్నుల వరుస అన్ని కంపెనీలకు ఒకటే ఉండదు, పాత సాకెట్ల గుచ్చే ముందు అక్షరాలు సరిచూడాలె.

ఇగ రెసిస్టర్ సంగతి. అది పాత బల్బు లెక్క కరెంటు గుంజి ఫ్లాషర్‌ను నమ్మిస్తది, ఆ కరెంటంతా వేడి అయితది. బండి స్టార్ట్‌ల ఉంటే 14 వోల్టులు, రెసిస్టర్ 10 ఓమ్స్. 14ను 14తోని గుణించి 10తోని భాగిస్తే 19.6 వాట్లు. సగం టైం ఆరి ఉన్నా దాదాపు 10 వాట్ల వేడి. మే నెలల వరంగల్ ఎండకు బండి నిలవెడితేనే సీటు కింద చెయ్యి పెట్టలేం, ఆ మీద ఈ వేడి. వైరింగ్‌కు తగిలితే ఇన్సులేషన్ కరుగుతది, షార్ట్ అయితది. తప్పనిసరైతే అల్యూమినియం బాడీది, 25 వాట్లకు తక్కువ కానిది తీసుకొని ఇనుప ఫ్రేమ్‌కే స్క్రూ కొట్టాలె. లైటుకు ప్యారలల్‌గనే, అంటే లైటు రెండు వైర్ల నడుమనే కలపాలె. సిరీస్‌ల, అంటే ఒకటే వైరు మధ్యల కలిపితే ఎల్‌ఈడీ మసకబారుతది తప్ప స్పీడ్ తగ్గది.

ఎడమకు ఏస్తే నాలుగూ కొట్టుకునే బండ్లు మస్తు కనవడ్తయి. మీటర్ల రెండు పక్కలకు ఒకటే ఇండికేటర్ బల్బు ఉన్న బండ్లల్ల ఇది వస్తది. ఆ బల్బు ఒక కాలు ఎడమ వైరుకు, ఇంకో కాలు కుడి వైరుకు ఉంటది. ఎడమ కరెంటు అందులకెల్లి కుడి లైట్లకు పోతది. పాత బల్బులు ఆ కొంచెం కరెంటుకు వెలగవు, ఎల్‌ఈడీలు వెలుగుతయి. కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్‌లు రెండు కావాలె, రెండూ కలిపినా చాయ్ ఖర్చు కాదు. మీటర్ బల్బుకు పోయే రెండు వైర్లు కోసి ఒక్కోదానికి ఒక డయోడ్ పెట్టాలె. తెల్ల గీత ఉన్న కొనలు రెండూ కలిపి బల్బు ఒక కాలుకు, రెండో కాలు ఎర్త్‌కు. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడగాలె, ఉత్త టేప్ ఒక్క వానకు ఊడిపోతది.

ఎర్త్ పోయిందా అని చూడనీకి మల్టీమీటర్ కూడా అక్కర్లేదు. వెనక బ్రేక్ నొక్కంగనే ఇండికేటర్ సన్నగ వెలిగిందంటే వెనక ఎర్త్ లూజైనట్టే. బ్రేక్ లైట్ కరెంటు ఎర్త్ దొరకక ఇండికేటర్‌లకెల్లి దారి ఎతుక్కుంటది. ముందు లైటు ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోతే, ఇండికేటర్ ఏసి హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడండ్రి. స్టీరింగ్ మెడ దగ్గర వైరు లోపల తెగి, పైన తోలు మాత్రం మంచిగనే ఉంటది.

కొత్త ఎల్‌ఈడీలు మళ్లమళ్ల మాడిపోతుంటే లైట్ల కంపెనీని తిట్టకముందు ఇంజిన్ లేపి బ్యాటరీ కాడ వోల్టులు చూడాలె. 15 దాటితే చార్జింగ్ వోల్టులను అదుపుల పెట్టే రెగ్యులేటర్ పోయింది.

అన్నీ అయినంక 15 సెకన్లు లెక్కపెట్టండ్రి. 15 నుంచి 30 సార్లు కొట్టుకోవాలె, అంటే నిమిషానికి 60 నుంచి 120. రంగు పసుపు-నారింజనే ఉండాలె, నీలం తెలుపు కుదరవు. మిట్టమధ్యాహ్నం పది అడుగుల దూరం నుంచి కూడా కనవడని సన్న పట్టీలు స్టైల్‌కు తప్ప దేనికీ పనికిరావు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వచ్చే రోజులల్ల వెనక ట్రాక్టర్, దాని వెనక లారీ ఉంటది. ఎత్తున కూసున్న డ్రైవర్‌కు మన మలుపు తెలిసేది ఆ లైటు తోనే.

ఎల్‌ఈడీ సెట్ అమ్మే షాపులు పక్కనే మూడు పిన్నుల ఫ్లాషర్ పెట్టి "రెండూ కలిపి తీసుకో" అని చెప్పాలె. కొనేటోళ్లు కూడా ముందే అడగాలె: రెసిస్టర్ ఏస్తవా, ఫ్లాషర్ మారుస్తవా? రెసిస్టరే అంటే బండి అక్కడ పెట్టకుండ్రి.