ఐదు గుంటలు, పాస్‌బుక్కు, పది రెట్లు: ఆ ఫార్వర్డ్‌కు జవాబు

"ట్రిపుల్ ఆర్ పక్కనే మీ సొంత ఫామ్ ప్లాట్" అని మొదలై, దండం పెట్టే బొమ్మల వరసతో ముగిసే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఇంతకుముందు పంపినవాళ్లు కింద "నిజమేనా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "త్వరపడండి" అని రాస్తున్నారు. అందుకే ఈ జవాబు.

చూడనివాళ్ల కోసం, అందులో ఉన్నది ఇదీ: హైదరాబాద్ చుట్టూ రీజినల్ రింగ్ రోడ్డు (ట్రిపుల్ ఆర్) వస్తోంది. ఆ పక్క ఊళ్లలో ఐదు గుంటలు కొంటే పట్టాదారు పాస్‌బుక్కు వస్తుంది, రైతు భరోసా (తెలంగాణ ప్రభుత్వం రైతుకిచ్చే పెట్టుబడి సాయం) పడుతుంది, ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) క్లీన్, లేఔట్ పర్మిషన్‌తో పనే లేదు, అమ్మేటప్పుడు పన్ను లేదు, ఐదేళ్లలో పది రెట్లు. ఇవేవీ కుదరకపోతే ఊళ్లో పాత ఇల్లయినా కొనేయండి.

చిల్లరవి ముందు తేల్చేద్దాం. రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12,000. ఐదు గుంటలంటే ఎకరంలో ఎనిమిదో వంతు, అంటే 1,500. అదీ సాగు భూమికే, కడీలు పాతి గేటు పెట్టిన వెంచర్‌కు కాదు. లక్షలు పోసి ఏడాదికి పదిహేను వందలు! ఆ డబ్బుతో ఒకసారి వెంచర్ చూసి రావడానికి పెట్రోలు వస్తుందేమో.

పది రెట్ల సంగతి. ఐదేళ్లలో పది రెట్లంటే ఏటా 58 శాతానికి పైగా చక్రవడ్డీ. అంత పెరిగే భూమిని తన దగ్గర ఉంచుకోకుండా మీ గ్రూపులో ఎందుకు పంచుతున్నాడో ఆ దాతనే అడగండి. హైదరాబాద్ అంచున ఉన్న కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటిందని ఉదాహరణ ఒకటి. 2023 ఆగస్టులో దాటింది, నిజమే. అది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) రోడ్లూ డ్రైనేజీ వేసి వేలానికి పెట్టిన భూమి, పక్కనే ఐటీ కంపెనీలు. మీ ఐదు గుంటల పక్కన ఉన్నది కంది చేను.

"ట్రిపుల్ ఆర్ పక్కనే" అన్న మాట ఇంకో తమాషా. అది ఊరి మీదుగా పోయే పాత రోడ్డు లాంటిది కాదు. ఎక్స్‌ప్రెస్ వే. ఎక్కడం దిగడం ఇంటర్‌చేంజ్ దగ్గరే. రోడ్డుకు యాభై గజాల దూరంలో పొలం ఉన్నా, కంచె అవతల లారీలు పోతుంటే చూస్తూ కూర్చోవడమే. దాన్ని ఎక్కాలంటే ఎన్నో కిలోమీటర్లు వెనక్కి పోవాలి. పైగా ఊరికీ పొలానికీ మధ్య రోడ్డు కట్ట లేస్తే అండర్‌పాస్ ఎక్కడ ఇచ్చారన్నది మీ రోజువారీ బతుకును తేలుస్తుంది. కొనేముందు అడగాల్సింది "రోడ్డుకు ఎంత దూరం" అని కాదు, "ఇంటర్‌చేంజ్‌కు ఎంత, అండర్‌పాస్‌కు ఎంత" అని. "భూమి రోడ్డులో పోతే పరిహారమే లాభం" అన్నవాళ్లకు ఒక మాట: పరిహారం కట్టేది ప్రభుత్వ విలువనో, ఆ చుట్టుపక్కల రిజిస్టరైన దస్తావేజుల్లోని ధరనో చూసి. మీరు బ్రోచర్ రేటుకు కొని, దస్తావేజులో ప్రభుత్వ విలువే రాయించుకుంటే, మీ చేతికొచ్చేదానికి మూలం అలా రాసిన అంకెలే.

పన్ను లేదన్నది సగం నిజం. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. అయితే మున్సిపాలిటీ హద్దు నుంచి దూరం చూస్తారు: దాని జనాభా పదివేలు దాటితే 2 కిలోమీటర్లు, లక్ష దాటితే 6, పది లక్షలు దాటితే 8. నగరం ఊరి వైపు వస్తోందనే కదా మీరు కొంటున్నది? అది వచ్చిన రోజే ఈ మినహాయింపు పోతుంది. రెండూ మీకే కావాలంటే ఎలా?

ఇక అసలు విషయానికి వస్తాను. "లేఔట్ పర్మిషన్‌తో పనే లేదు" అన్న ఒక్క ముక్క మిగతా అన్నిటికంటే ఎక్కువ కొంపలు ముంచుతుంది.

పదెకరాలు అంటే 400 గుంటలు. అందులో ఐదేసి గుంటల ముక్కలు అరవై అమ్మితే 300 గుంటలు అయ్యాయి. మిగిలిన 100 గుంటలు ఏమయ్యాయి? మీరు కారులో వెళ్లి చూసిన 30 అడుగుల మట్టి రోడ్లు, కొబ్బరి మొక్కలు, "క్లబ్‌హౌస్ ఇక్కడ" అని బోర్డు పెట్టిన జాగా. అనుమతి ఉన్న లేఔట్‌లో రోడ్లనూ పార్కు జాగానూ గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకో మున్సిపాలిటీకో ఇచ్చేయాలి. పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు హెచ్‌ఎండీఏకు తనఖాలో ఉంటాయి. ఫామ్ ప్లాట్లలో ఆ తతంగం ఏదీ లేదు. కాబట్టి ఆ రెండున్నర ఎకరాల రోడ్డు రికార్డులో ఇంకా అమ్మినాయన పాస్‌బుక్కులోనే సాగు భూమిగా ఉంటుంది. రేపు ఆయనో, ఆయన కొడుకులో దాన్ని ఇంకొకరికి రాసిస్తే? దున్నుకుంటే? మీ ఐదు గుంటలు మీవే. వాటి దగ్గరకు వెళ్లే బాట మీది కాదు. దస్తావేజులో హద్దుల దగ్గర "తూర్పు: 30 అడుగుల బాట" అని రాసినంత మాత్రాన బాట మీద హక్కు స్థిరపడిపోదు. కోర్టుకెక్కితే వాదించడానికి ఒక ముక్క దొరుకుతుంది, అంతే.

ఇల్లు కట్టాలనుకున్నారనుకోండి. ముందు నాలా కన్వర్షన్. అది వ్యవసాయేతర వాడకానికి ఇచ్చే మార్పిడి మాత్రమే, లేఔట్ అనుమతి కాదు. ఈ రెంటినీ కలిపేసి "కన్వర్షన్ చేయించి ఇస్తాం" అనడం వెంచర్ వాళ్ల ఇష్టమైన గారడీ. లేఔట్ లేకపోతే ఇంటి పర్మిషన్ దగ్గర ఆగిపోతారు, బ్యాంకు లోన్ దగ్గర ఇంకా ముందే ఆగిపోతారు. "తర్వాత ఎల్‌ఆర్‌ఎస్‌లో (అనుమతి లేని లేఔట్లను క్రమబద్ధం చేసే పథకం) సరిచేస్తాం" అంటారు. 2020 ఎల్‌ఆర్‌ఎస్ వర్తించేది ఆ ఏడాది ఆగస్టు 26 నాటికే ఉన్నవాటికి. నిన్న పుట్టిన వెంచర్ ఆ రైలు ఎలా ఎక్కుతుంది?

క్లబ్‌హౌస్, ఈత కొలను హామీలదీ అంతే. 500 చదరపు మీటర్లు దాటిన భూమిని ప్లాట్లు చేసి అమ్మాలంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. నంబరు అడగండి. "ఇది వ్యవసాయ భూమి సార్, రెరా వర్తించదు" అంటే, అదే నోటితో క్లబ్‌హౌస్ ఎందుకు అమ్ముతున్నారని కూడా అడగండి.

ఈసీ క్లీన్ అట. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. సాదాబైనామా, అంటే రిజిస్టర్ చేయకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం, కనిపించదు. నడుస్తున్న కోర్టు కేసూ, వాటా రాని అక్కచెల్లెళ్లూ, రక్షిత కౌలుదారు (చట్టం రక్షణ ఇచ్చిన పాత కౌలుదారు) హక్కూ కనిపించవు. సర్వే నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా చూడండి. అసైన్డ్, భూదాన్, వక్ఫ్, దేవాదాయ భూములు అక్కడ దొరుకుతాయి. పాత పహాణీలు (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే రికార్డు) వరసగా తీయించండి, 1950ల నాటి ఖాస్రా పహాణీ దాకా వెళ్లండి. చెరువు దగ్గరుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చేంత మేర) హద్దు అడగండి: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ హద్దు దాటాక 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టకుండా వదలాల్సిన జాగా. ఎండాకాలంలో చూపిస్తే శిఖం భూమి (చెరువులో మునిగే భూమి) కూడా చక్కటి చెలకలాగే ఉంటుంది.

ఇంత తిట్టాక, ఆ మెసేజ్‌లో చివర్న ఏదో పూరించడానికి పెట్టిన మాట ఒప్పుకోక తప్పడం లేదు. ఊళ్లో పాత ఇల్లు కొనమన్నది మంచి సలహా. నిజంగా అక్కడ బతకాలనుకునేవాళ్లకు గ్రామకంఠంలోని (ఊరి ఇళ్లున్న జాగా) 150 గజాల పెంకుటిల్లు ఐదు గుంటల ఫామ్ ప్లాటు కంటే నయం. ఇంటి నంబరు ఉంది, కరెంటు మీటరు ఉంది, మిషన్ భగీరథ నల్లా ఉంది, వాకిట్లో సీసీ రోడ్డు, నడిచే దూరంలో బస్సు. వెంచర్‌లో నీళ్లకు ట్యాంకరే దిక్కయితే, నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 5,000 లీటర్లు తొమ్మిది రోజులకు అయిపోతాయి.

దీని చిక్కులు దీనికీ ఉన్నాయి. గ్రామకంఠానికి పట్టా ఉండదు, కాబట్టి ఇంటి పన్ను రశీదు చూసి డబ్బు ఇవ్వకండి. రశీదు పన్ను కట్టారనే చెబుతుంది. రిజిస్టర్డ్ దస్తావేజు కావాలి. పాలోళ్లందరి (వాటా ఉన్నవాళ్ల) సంతకాలు కావాలి, పట్నంలో స్థిరపడ్డ చిన్నకొడుకుది కూడా. పక్కింటి గోడ ఉమ్మడిదా సొంతదా అన్నది కాగితం మీద రాయించండి. టేపు పట్టి నాలుగు వైపులా కొలిచేటప్పుడు పక్కింటాయన్ని పిలిచి, ఆయన చూస్తుండగానే కొలవండి.