కాళ్లు మాత్రం అడగొద్దు

“ఒరిజినల్ నా, అడవిది.”

వేటమాంసం అమ్మేవాడు ఈ మాట మామూలు గొంతుతో చెప్పకూడదు. అటూ ఇటూ చూసి, నల్ల కవరు ముడి కొంచెం సడలించి, చెవి దగ్గరికొచ్చి చెప్పాలి. పాలవాడి క్యాను మూత తీయించి వేలు ముంచి చూసేవాళ్లు, తేనె కొంటే నీళ్ల గ్లాసులో బొట్టు వేసి చూసేవాళ్లు, మామిడిపండును కార్బైడు వాసన కోసం ముక్కుకు ఆనించుకునేవాళ్లు, తిరుపతి నుంచి పలమనేరు దాకా ఇంత అనుమానపు జనం, ఈ ఒక్క మాట చెవిన పడగానే జేబులో చెయ్యి పెడతారు. బిల్లు లేదు. తూకం ఎంతో తెలీదు. తల లేదు, తోలు లేదు, తోక లేదు, కాళ్లు లేవు. ఉన్నదల్లా నమ్మకం. కొండమీదికి పోయేటప్పుడైనా దర్శనం టికెట్టు మీద టైము ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు గదా, ఇక్కడ అదీ లేదు.

కాబట్టి వేటమాంసం ఆరగించే పెద్దమనుషుల సేవలో ఈ నాలుగు ముక్కలు. వాళ్లకు డబ్బుంది, కారుంది, మామిడితోపుంది. మాంసం గురించిన జ్ఞానం ఒక్కటే కొంచెం తక్కువ. ఆ లోటు పూడ్చడం మన ధర్మం.

ముందు తోపు సంగతి. చంద్రగిరి దాటాకో, దామలచెరువు పక్కనో, బోరు మోటారు గది ముందర ఆ సభ జరుగుతుంది. శనివారం రాత్రే ఎందుకంటే మరుసటి రోజు సెలవు. కానీ శనివారం ఏడుకొండలవాడి వారం గదా, నీచు ముట్టరు. అందుకని తొమ్మిదికే పొయ్యి వెలిగించి, కుండ దించి, మూత పెట్టి, పన్నెండు కొట్టేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటారు. వన్యప్రాణి చట్టం 1972లో వచ్చింది, నియమం తాతలనాటిది. ఏది పాటించాలో వాళ్లకు బాగా తెలుసు. గడియారాలు మూడు రకాల టైము చూపిస్తాయి. ఒకాయన పన్నెండైందంటాడు, ఇంకొకాయన ఇంకా రెండు నిమిషాలుందంటాడు. భక్తి గట్టిది కాబట్టి ఆ రెండు నిమిషాలూ ఆగుతారు. ఈలోగా గ్లాసులు నిండుతుంటాయి, వాటికి వారంతో పేచీ లేదు.

మూత తీశాక మొదలవుతుంది అసలు కచేరీ. మొదటి ముక్క నోట్లో పెట్టి కళ్లు మూసుకునేవాడు ఒకడుంటాడు. అందరూ ఆయన మొహమే చూస్తుంటారు. ఆయన వెంటనే చెప్పడు. నమిలి, ఇంకా నమిలి, ఎముక పీల్చి, “దుంపల తీపి తెలుస్తాంది సూడు” అంటాడు. అంతే, మిగతా పదిమందికీ దుంపల తీపి తగులుతుంది. శేషాచలం మూలికలు తిని పెరిగిన పందిరా ఇది అని ఒకరు. అందుకే ఒంట్లో వేడి ఎక్కుతాంది అని ఇంకొకరు (కిలోకు యాభై గ్రాముల మిరప్పొడి పడింది, ఎక్కక ఏం చేస్తుంది). ఊరపందికీ దీనికీ ఎక్కడ పోలిక మామా అని అల్లుడు. సంగటి ముద్ద విరుస్తూ రిటైరైన ఉద్యోగి ఒకాయన, తన సర్వీసులో ఇలాంటి ముక్క రెండుసార్లే తిన్నానని గద్గదంగా చెబుతాడు. ఆ కుండలో ఉన్న జీవికి మాత్రం జన్మలో మూలికంటే ఏందో తెలీదు. అది తిన్నవన్నీ బస్టాండు వెనక మురిక్కాలవ గట్టున మొలిచినవే.

తేడా కనుక్కోవడం అంత కష్టమేం కాదు. అడవిపంది కండ ముదురు ఎరుపు, కొంచెం అటూ ఇటూగా కార్జం రంగు. కొవ్వు తోలు కింద పొరగా ఉంటుందే గానీ కండలోకి తెల్లచారలుగా దూరదు. సీమపందిది లేత గులాబీ, కొవ్వు మందం. ఇక వయసొచ్చిన మగ అడవిపందికి భుజాల మీద, తోలు కింద, డాలు లాంటి గట్టి పొర ఉంటుంది. కోరలతో కుమ్ముకునే జాతి కాబట్టి ప్రకృతి తొడిగిన కవచం అది. కట్టెల పొయ్యి మీద రెండు గంటలు ఉడికినా చెప్పు అట్టలాగే ఉంటుంది. మీ కుండలో ముక్కలన్నీ నలభై నిమిషాలకే వేలితో నొక్కితే విడిపోయాయంటే అడవి మీకు చాలా దూరం. వీపుమీది ముతక వెంట్రుక కొస చీలి ఉంటుంది, అది ఇంకో గుర్తు. కానీ వెంట్రుకలు మీదాకా రావు గదా. “గడ్డేసి కాల్చి, గీకి, పసుపు పూసి తెచ్చినాం నా, మీకెందుకు ఆ చాకిరి” అంటాడు అమ్మేవాడు. ఎంత మర్యాదో చూడండి, సాక్ష్యాలన్నీ తనే కాల్చి తెచ్చాడు.

సరే, మీ అదృష్టం బాగుండి నిజంగా అడవిదే దొరికిందనుకుందాం. భయపడాల్సింది అప్పుడే.

చంపిన జంతువు పొట్ట ఎంత త్వరగా చీల్చి పేగులు తీస్తే అంత మంచిది. మన ఎండాకాలంలో గంట దాటితేనే కడుపు ఉబ్బడం మొదలవుతుంది. దొంగవేటలో ఆ గంట ఉండదు. బీటు గార్డు పోయేదాకా పొదలో ఆకులు కప్పి దాచి, చీకటి పడ్డాక బండి మీద తెస్తారు. పొద్దున చచ్చింది రాత్రికి పొయ్యి ఎక్కుతుంది. కోసేది ఫోను లైటు వెలుతురులో, చెవులు రోడ్డు వైపు పెట్టి. పిత్తాన్ని కార్జంలోంచి రవ్వంత కండతో సహా విడిగా కోసి తీయాలి, కత్తి మొన తగిలిందా చుట్టుపక్కల మాంసమంతా చేదు. మూత్రపు తిత్తిని మెడ దగ్గర బిగించి పట్టుకుని తీయాలి. పెద్దపేగు తెగితే ఆ కండ కోసి పారేయాల్సిందే, కడిగితే మురికి ఇంకా పరుచుకుంటుంది. మగపందికైతే మగతనపు వాసన కొవ్వులోనే కూర్చుని ఉంటుంది, నిమ్మకాయలకు లొంగదు. ఈ తప్పులన్నీ కలిసి కుండలోంచి పైకి లేచినప్పుడు మన రసికులు ముక్కులెగరేసి పెట్టిన పేరే ‘వేట వాసన’.

నాటు తుపాకీ దెబ్బయితే సీసం కూడా కలుస్తుంది. గుండు తగిలిన చోటే ఉంటుందనుకుంటారు. కంటికి కనపడని సీసపు పొడి దాని చుట్టూ కొంత దూరం పోవచ్చు. ఇక కండలో నూకగింజల్లాంటి తెల్లని బుడగలు కనపడితే అవి బద్దెపురుగు పిల్లలు. ఉడకని ముక్కతో కడుపులోకి పోయి, పేగులో మూరలకొద్దీ పెరుగుతాయి. పురుగు ఉన్నవాడు చేతులు సరిగ్గా కడుక్కోకుండా ఇంట్లో ఏదైనా కలిపి పెడితే, దాని గుడ్లు తిన్న ఇంకొకరికి తిత్తులు మెదడులో కడతాయి, మూర్ఛలొస్తాయి. అంటే తోపులో తిన్నది నాయన, ఫిట్స్ వచ్చేది జన్మలో మాంసం ముట్టని అమ్మకు కావచ్చు. దీనికి తోపులో ఉన్న విరుగుడు ఏమిటంటే, పైన ఒక క్వార్టరు పడితే క్రిములన్నీ చస్తాయట.

ఇక్కడే అల్లుడు గొంతు సవరించుకుంటాడు. “మా డల్లాస్‌లో అందరూ తింటారు మామా, వీళ్లే అనవసరంగా రాద్ధాంతం చేస్తారు.”

నిజమే నాయనా, తింటారు. టెక్సాస్‌లో ఆ పందులు అక్కడి అడవివి కావు, యూరప్ వాళ్లు తెచ్చి వదిలినవి, పంటలకు చీడ. హెలికాప్టర్లోంచి కాల్చుకోండని 2011లో చట్టమే చేశారు. కానీ అక్కడి వేటగాడు పొట్ట కోసేముందు రబ్బరు తొడుగులు వేసుకుంటాడు, బ్రూసెల్లా జ్వరం పచ్చి రక్తంతో అంటుకుంటుంది కాబట్టి. ముక్కలో అన్నిటికన్నా మందంగా ఉన్నచోట థర్మామీటరు గుచ్చి 71 డిగ్రీలు చూసేదాకా పళ్లెంలో పెట్టడు. రకూన్ అనే చిన్న అడవి జంతువును తినేవాడికి దాని ముందుకాళ్ల చంకల్లో, వెన్ను పక్కన ఉండే గ్రంథుల్ని చిట్లకుండా తీయడం తెలిసి ఉండాలి. జింక కొడితే వెన్నుపూస, మెదడు జోలికి పోవద్దంటారు, 1967లో కొలరాడోలో బయటపడిన కృశించే జబ్బు ఇప్పుడు చాలా రాష్ట్రాల జింకల్లో ఉంది. ఒంటి మీద చిప్ప ఉండే అర్మడిల్లో అనే జంతువు ఒంట్లో కుష్ఠు క్రిమి ఉంటుంది, అది అక్కడి మనుషులకూ అంటుకుంటోందని 2011లో పరిశోధకులు రాశారు.

ఇంత జాగ్రత్తలోనూ 2022లో ఒక కుటుంబం ఎలుగు మాంసం కబాబులు చేసుకుంది. కెనడాలో కొట్టిన ఎలుగు, 45 రోజులు ఫ్రీజర్లో పెట్టారు. కండలో ఉన్న ట్రైకినెల్లా అనే సన్నపురుగు చావలేదు. ఎలుగు మాంసం నల్లగా ఉంటుంది కాబట్టి ఉడికిందో లేదో కంటికి తెలీలేదు. ఎనిమిది మందిలో ఆరుగురు పడ్డారు. అందులో ఇద్దరు మాంసమే ముట్టలేదు, దాంతోపాటు కాల్చిన కూరగాయలు మాత్రం తిన్నారు. అల్లుడుగారూ, ఆ థర్మామీటరు ఒకటి సూట్‌కేసులో వేసుకొచ్చారా? లేదు. పెర్ఫ్యూము తెచ్చారు.

ఉడుము భక్తుల తీరు వేరు. వీళ్లు రుచి కోసం తినరు, నడుము నొప్పి కోసం తింటారు. కాళ్లు వీపు మీదికి విరిచి కట్టి, ప్రాణంతోనే సంచిలో తెచ్చిన జీవి గొంతు కోసి, పచ్చి రక్తం గ్లాసులో పట్టి తాగితే గోడ పట్టుకునే ఉడుం పట్టు నడుముకు వస్తుందట. వచ్చేది సాల్మొనెల్లా విరేచనాలు. ఉడుము చట్టంలో షెడ్యూల్ 1లో, పులి పక్కన ఉంది. మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. నడుము నొప్పి మాత్రం తగ్గొచ్చు, జైల్లో గట్టి నేల మీద పడుకోవడం మంచిదని మన పెద్దలే చెబుతారు. అన్నట్టు, బీరువాలో సింధూరం మధ్య పెట్టుకునే ‘హత్తాజోడి’ వేరు ఉంది చూశారా, రెండు చేతులు జోడించినట్టుండే ఆ లక్ష్మీకటాక్షపు మూలిక? అది వేరు కాదు. మగ ఉడుము మర్మాంగం ఎండబెట్టింది. రోజూ దేనికి అగరొత్తులు వెలిగిస్తున్నారో ఇంట్లో ఆడవాళ్లకు మీరే చెప్పుకోండి.

ఇన్ని చెప్పినా చివర్లో ఒక పెద్దమనిషి బ్రహ్మాస్త్రం తీస్తాడు. “కన్నప్ప పెట్టలేదా శివుడికి పందిమాంసం? శ్రీకాళహస్తి పక్కనే గదా!”

పెట్టాడు. తనే విల్లు పట్టి, పందికి ఎదురు నిలబడి కొట్టాడు. తనే కాల్చాడు. ప్రతి ముక్కా తన నోట పెట్టుకుని చూసి, బాగున్నదే ఎదుటివాడి దొప్పలో వేశాడు. తోపులో మంచి ముక్క ఎవరి ప్లేటులో పడుతుందో చూస్తూనే ఉన్నాం. అదీ వదిలేద్దాం. రాతి లింగానికి కంట్లో రక్తం కారితే తన కన్ను పెరికి అతికించినవాడయ్యా అతను. అతని పేరు ఎత్తే నోరా ఇది?

మేతకు పోయిన ఆవు నోట్లో నాటుబాంబు పేలితే ఏమవుతుందో ఈ జిల్లాలో పశువుల డాక్టర్లను అడగండి. పంది కోసమని కొవ్వు పూసి చేని గట్టున పెట్టిన ఉండ అది. కొరకగానే కింది దవడ పోతుంది, నాలుక వేలాడుతుంది. చావు వెంటనే రాదు. ఆకలేస్తుంది, తినలేదు. దాహమేస్తుంది, నీళ్లు నిలవవు. కుట్టడానికి అక్కడ దవడ మిగలదు. పందికీ అంతే, పేలిన పంది అక్కడే పడకపోతే నాలుగు రోజులు పొదల్లో కుళ్లి చస్తుంది, మీ కుండకు కూడా పనికిరాదు. 2020లో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు నోరు పేలి నది నీళ్లలో నిలబడి చచ్చిపోతే, ఆ ఫోటోను స్టేటస్ పెట్టి ఏడుపు బొమ్మలు వేసినవాళ్లు ఈ తోపుల్లో ఎంతమంది? ఆ బాంబు కూడా పందుల కోసం చేసిందేనన్నారు. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల్లోకి దిగే కుప్పం, పలమనేరు వైపు మోటారు లైనుకు కొక్కెం తగిలించి లాగిన తీగకు పంది, ఏనుగు, తెల్లారుజామున నీళ్లు కట్టడానికి పోయిన రైతు, ముగ్గురూ ఒకటే. సిగ్గు లేకుండా దాన్ని రుచి అంటారు. పట్టుబడేది ఎవరు? సంచి మోసిన కూలోడు. వాడి మొహానికి గుడ్డ కప్పి, ముందర ఉచ్చులు పరిచి ఫోటో తీస్తారు. కుండ ముందు కూర్చున్న పదకొండు మందిలో ఒక్కడి ఫోటో ఎప్పుడైనా చూశామా? కూరముక్క ఒక్కటి హైదరాబాదులో వన్యప్రాణుల మీద పనిచేసే లాకోన్స్ ప్రయోగశాలకు పంపితే ఏ జంతువో తేల్చి చెబుతారు. పంపేదాకా రానిస్తే గదా!

ఉచ్చు సంగతి మిగిలింది. పాత బండి క్లచ్ వైరు, ఒక ముడి, ఒక మేకు. అంతకన్నా చవకైన ఆయుధం లేదు. దుప్పి అడుగు పడుతుంది, లాగినకొద్దీ బిగుస్తుంది. తీగ తోలు కోసి, నరం కోసి, ఎముకకు చేరుతుంది. బలమున్నది రాత్రంతా గుంజుకుని, తెగిన కాలు అక్కడే వదిలేసి మూడు కాళ్లమీద పోతుంది.

వచ్చే శనివారం మళ్లీ నల్ల కవరు వస్తుంది. ఈసారైనా కాళ్లు చూపించమని అడగండి. వాడు తడుముకోడు.

“కాళ్లా? కాళ్లు అడవిలోనే ఉండిపోయినాయి నా.”