మందుకి ముందు పది క్లిక్కులు

(వదిన ఐసీయూ నర్సు. మరిది ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఆదివారం భోజనాలయ్యాక మొదలైన వాదన ఇది.)

మరిది: మీరెన్నయినా చెప్పండి వదినా, డాక్టర్ల చేతిరాత పీడ వదిలిందా లేదా? బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో మందుల ఆర్డర్లు కంప్యూటర్‌లోకి మార్చాక పెద్ద పొరపాట్లు సగానికి పైగా తగ్గాయని 1998లోనే తేల్చారు.

వదిన: కాదనను. మరి పిట్స్‌బర్గ్ సంగతో? అక్కడి పిల్లల ఆసుపత్రిలో 2002లో ఇలాంటి సిస్టమే పెట్టారు. వేరే చోట్ల నుంచి తరలించి తెచ్చిన పిల్లల్లో అంతకుముందు నూటికి 2.8 మంది పోయేవారు. పెట్టాక ఐదు నెలల్లో అది 6.57 అయింది. 2005లో అక్కడి డాక్టర్లే అచ్చేసిన లెక్క.

మరిది: అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో పెడితే మరణాలు పెరగలేదు. లోపం ప్రోగ్రామ్‌ది కాదు, పెట్టిన తీరుది. ఆరు రోజుల్లో ఆసుపత్రంతా మార్చేస్తే ఎవరికి ఊపిరాడుతుంది?

వదిన: ఆ తీరేమిటో విను. అంతకుముందు పేషెంటు దారిలో ఉండగానే మందులు రాసి సిద్ధం చేసుకునేవాళ్లు. తర్వాత బిడ్డ లోపలికొచ్చి, పేరు నమోదయ్యేదాకా ఆర్డర్ పెట్టడానికే లేదు. ఒక్కో ఆర్డర్‌కి పది క్లిక్కుల దాకా. ఒక డాక్టర్ బిడ్డను వదిలేసి మానిటర్‌కి అతుక్కుపోవాలి. చేతికందే మందులేమో సెంట్రల్ ఫార్మసీకి తరలించారు. నీ ప్రోగ్రామ్‌లో బగ్ ఒక్కటీ లేకపోవచ్చు. ముందు రిజిస్ట్రేషన్, తర్వాతే మందు అన్నదెవరు మరి?

మరిది: వాళ్లు అడిగిందే మేం రాస్తాం. మీటింగులకి బిల్లింగ్ వాళ్లు వస్తారు, నర్సులు రారు.

వదిన: పిలిస్తే కదా!

మరిది: అందుకే అలర్ట్‌లు పెడుతున్నాం. మోతాదు దాటితే తెర మీదే చెబుతుంది.

వదిన: 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్‌ఎఫ్ ఆసుపత్రిలోనూ చెప్పింది. పదహారేళ్ల కుర్రాడికి సెప్ట్రా అనే యాంటీబయాటిక్, 160 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటివ్వాలి. డాక్టర్ 160 అని కొట్టింది. ఆ గడిలో ఉన్నది మిల్లీగ్రాములు కాదు, కిలో బరువుకి మిల్లీగ్రాములు. పిల్లాడి బరువు 38.6 కిలోలు. కంప్యూటర్ గుణించి ముప్పై ఎనిమిదిన్నర మాత్రలంది. అలర్ట్ వచ్చింది. పొద్దస్తమానం వచ్చేవే కదా అని డాక్టరూ పక్కకి నెట్టేసింది, ఫార్మసిస్టూ నెట్టేశాడు. ఫార్మసీలో మాత్రలు సర్దే రోబో లెక్కపెట్టి పంపింది. నర్సుకి అనుమానం వచ్చింది పాపం, బార్‌కోడ్ స్కాన్ చేసింది. ఆర్డర్ ప్రకారం సరిగ్గానే ఉందని కంప్యూటర్ అంది. ఇచ్చేసింది. పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి. బతికాడు, అదృష్టం.

మరిది: అయితే ఇక అలర్ట్ కాదు, అడ్డంగా ఆపేద్దాం. గరిష్ఠ మోతాదు దాటితే ఆర్డర్ కదలదు.

వదిన: ఆపు. పురుగుమందు తాగిన కేసు వస్తుంది. దానికి విరుగుడు అట్రోపిన్. మామూలు మోతాదుకి ఎన్నో రెట్లు ఎక్కించాలి, నిమిషాల మీద పెంచుకుంటూ పోవాలి. అప్పుడు నీ అడ్డు తీయించడానికి అర్ధరాత్రి రెండింటికి నీకే ఫోన్ చేయాలా?

మరిది: చేయండి, ఎత్తుతాను.

వదిన: మీ హెల్ప్‌డెస్క్ కూడా ఇదే చెబుతుంది.