కామెడీ షో నటికి 40 కోట్ల ఆస్తి: ఆ మెసేజ్‌లో ఏ లెక్కా నిలబడదు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. మన జిల్లా పల్లె నుంచి పోయి టీవీ కామెడీ షోలో పేరు తెచ్చుకున్న ఒక నటికి 40 కోట్ల ఆస్తి ఉందని దాని సారాంశం. ఎపిసోడ్‌కు 3 లక్షల చొప్పున పదేళ్ల సంపాదన, యూట్యూబ్ మీద నెలకు 20 లక్షలు, మిర్యాలగూడలో సొంత బట్టల షోరూమ్, సాగర్ ఎడమ కాలువ కింద 60 ఎకరాలు, ఒక పెద్ద కారు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ మెసేజ్ వల్ల ఆమెకు ఇప్పటికే కావలసినంత నష్టం జరిగింది.

“ఎపిసోడ్‌కు 3 లక్షలు, పదేళ్లలో 40 కోట్లు.” ముందు వాళ్ల అంకెలతోనే గుణించి చూద్దాం. వారానికో ఎపిసోడ్ అనుకుంటే, వారానికి 3 లక్షల చొప్పున 52 వారాలకు 1 కోటి 56 లక్షలు. పదేళ్లకు 15 కోట్ల 60 లక్షలు. ఒక్క వారం మానకుండా, మొదటి రోజు నుంచీ అదే రేటు వచ్చిందనుకున్నా 40 కోట్లలో సగం కూడా కాలేదు. మొదటి స్కిట్‌కే ఆ రేటు ఎవరిస్తారు? ఇలాంటి కామెడీ షోల్లో పేరున్న ‘జబర్దస్త్’ 2013లో ఈటీవీలో మొదలైనప్పుడు ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే వేశారు. ఆడవాళ్లు స్కిట్ మొత్తాన్ని నడిపించే స్థాయికి రావడానికి ఏళ్లు పట్టింది. అప్పటిదాకా రెండు డైలాగులు, ఒక చెంపదెబ్బ, నవ్వించే బాధ్యత పక్కవాడిది. ఆ ఏళ్లను కూడా 3 లక్షల చొప్పున లెక్కగట్టడం ఆమె పడ్డ కష్టాన్ని తుడిచేయడమే.

వచ్చిన మొత్తమైనా చేతికి రాదు. ప్రొఫెషనల్ ఫీజు మీద నిర్మాణ సంస్థ 10 శాతం టీడీఎస్ (పన్ను కింద ముందుగానే పట్టుకునే సొమ్ము) కోసుకుని మిగతాది వేస్తుంది. ఏడాది బిల్లులు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. బిల్లు మీద కలిపే 18 శాతం ఆమె సంపాదన కాదు, వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన సొమ్ము. బిల్లు మొత్తాన్ని ఆదాయంగా చూపించేవాళ్లు ఇక్కడే తప్పుతారు. ఆదాయం కోటి దాటితే, పై శ్లాబులో పడే సొమ్ముకు 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 15 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్సు. వందకు దాదాపు 36 రూపాయలు అక్కడే పోతాయి. మిగిలినదాంట్లోంచి కాస్ట్యూములు, మేకప్, మేనేజర్ కమీషన్, హైదరాబాద్‌లో ఇంటి కిరాయి వెళ్లాలి. ఇది నెల జీతం, పీఎఫ్ ఉన్న కొలువు కాదు. షో నుంచి పిలుపు ఆగిన నెల రాబడి సున్నా.

“యూట్యూబ్‌లో నెలకు 20 లక్షలు.” స్కిట్ క్లిప్పుకు కోటి వ్యూస్ వచ్చినా, ఆ ప్రకటనల డబ్బు క్లిప్పు పెట్టిన చానల్‌కు పోతుంది. ఒప్పందంలో రాసుకుంటే తప్ప అందులో నటించిన మనిషికి వాటా ఉండదు. సొంత చానల్ సంగతి వేరు. మామూలు వీడియోల ప్రకటనల రాబడిలో 55 శాతం, షార్ట్స్ అయితే తన వాటాకు లెక్కగట్టినదాంట్లో 45 శాతం ఆమెకు వస్తుంది. అయితే వీడియో వెనకాల సినిమా పాట మోగితే మ్యూజిక్ కంపెనీ ఆ పాట తమదంటూ కాపీరైట్ క్లెయిమ్ వేస్తుంది, ఆ వీడియో డబ్బు చాలాసార్లు అటే వెళ్తుంది. మరి 20 లక్షల అంకె ఎక్కడిది? సోషల్ బ్లేడ్ లాంటి సైట్లు వెయ్యి వ్యూస్‌కు పావు డాలర్ నుంచి 4 డాలర్ల దాకా వేసి ఒక అంచనా చూపిస్తాయి. కింది అంకెకు పదహారు రెట్లు పై అంకె. ఆస్తుల వీడియోలకు థంబ్‌నెయిల్ (పైన కనబడే బొమ్మ) చేసేవాళ్లు పైదే తీసుకుంటారు.

“మిర్యాలగూడలో సొంత షోరూమ్.” మెసేజ్‌తో వచ్చిన ఫోటో జాగ్రత్తగా చూడండి. మెడలో దండ, చేతిలో కత్తెర, ముందు రిబ్బన్. అది ఓపెనింగ్ ఫోటో. పిలిచిన యజమాని మాట్లాడుకున్న పైకం, రానుపోను కారు ఇస్తాడు. ఆమె రిబ్బన్ కత్తిరించి, నాలుగు మాటలు చెప్పి, సెల్ఫీలు ఇచ్చి వెళ్తుంది. షాపు ఎవరిదో తెలుసుకోవడం ఐదు నిమిషాల పని. జీఎస్టీ ఉన్న షాపు తన నంబరును ప్రవేశం దగ్గరి బోర్డు మీద రాయాలి, సర్టిఫికెట్‌ను లోపల అందరికీ కనబడేట్టు పెట్టాలి. నంబరులో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు 36 అయితే తెలంగాణ, తర్వాతి పది పాన్. మొత్తం నంబరులో ఆరో అక్షరం ‘పీ’ అయితే ఒక వ్యక్తిది, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థది, ‘సీ’ అయితే కంపెనీది. జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ దగ్గర ఆ నంబరు కొడితే లాగిన్ లేకుండానే లీగల్ నేమ్ వస్తుంది. బోర్డు మీది పేరు వేరు, లీగల్ నేమ్ వేరు, చూడాల్సింది రెండోది.

“ఎడమ కాలువ కింద 60 ఎకరాలు.” ఈ మాట రాసినవాళ్లకు మన భూముల సంగతి తెలియదు. 1973 నాటి భూ గరిష్ఠ పరిమితి చట్టం ప్రకారం ఒక కుటుంబానికి తరి (నీటిపారుదల ఉన్న) భూమి, నేల తరగతిని బట్టి, 10 నుంచి 27 ఎకరాలు. మెట్ట అయితే 35 నుంచి 54. ఐదుగురు దాటిన కుటుంబానికి కొంత అదనం ఉంటుంది గానీ, ఒక్క మనిషి పేరున ఆయకట్టులో 60 ఎకరాలు కుదరదు. దేవరకొండ వైపు మెట్ట చేలనుకున్నా 54 దాటకూడదు. నిజంగా భూమి ఉందంటే ఏ మండలం, ఏ ఊరు, ఏ సర్వే నంబరు? భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి పోర్టల్‌లో ఆ వివరాలు వేస్తే పట్టాదారు పేరు, విస్తీర్ణం కనబడతాయి. మెసేజ్‌లో ఊరి పేరు కూడా లేదు. ఇలాంటి అబద్ధం సొంతూళ్లో ఉన్న అమ్మానాన్నల మీద పడుతుంది. గుడికి చందా అడిగేవాళ్లు, అప్పు అడిగేవాళ్లు, జాగ అమ్మిపెడతామనే బ్రోకర్లు ముందు వాళ్ల తలుపే తడతారు.

కారు సంగతికి రెండు మాటలు చాలు. 20 లక్షల లోను 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 32,200 కిస్తీ. కారు ముందు నిలబడి దిగిన ఫోటోలో కిస్తీ కనబడదు.

ఆస్తి లెక్క అధికారికంగా బయటకు వచ్చే సందర్భం ఒకటుంది. ఎన్నికల్లో పోటీ చేసేవాళ్లు నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. ఆస్తులు, అప్పులు, జీవిత భాగస్వామి పేరున ఉన్నవి, అన్నీ అందులో ఉంటాయి, ఎవరైనా చదవొచ్చు. ఈ నటి ఎప్పుడూ పోటీ చేయలేదు. ఆదాయపు పన్ను రిటర్నులు బయటివాళ్లకు ఇవ్వరు. 40 కోట్లని రాసినవాళ్లు ఏ కాగితం చూసి రాశారో ముందు చూపించాలి.