పేరు చెప్పి పంపించేస్తే సరిపోతుందా?

కంట్లో ఐరిస్ (నల్లగుడ్డులోని రంగు వలయం) లేకుండా ఓ బిడ్డ పుడుతుంది. పరీక్షలో 11వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేదని తేలుతుంది. వాగర్ సిండ్రోమ్ అని రిపోర్టు చేతికిస్తారు. పోయిన ఆ ముక్కలోనే డబ్ల్యూటీ1 జన్యువు ఉంటుంది. కిడ్నీ సరిగా ఎదగడానికి అది కావాలి, అక్కడ కణితి పుట్టకుండా చూసేదీ అదే. అందుకే ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి విల్మ్స్ ట్యూమర్ అనే కిడ్నీ క్యాన్సర్ వస్తుంది. ఇంత తెలిసీ, కడుపు స్కాన్ ఎప్పుడెప్పుడు తీయించాలో రాయకుండా కంటి డాక్టరు దగ్గరికి పంపి చేతులు దులుపుకోవడం నేరంతో సమానమని మా అభిప్రాయం.

బిడ్డ ఎదుగుదలను నడిపే జన్యువులే కణాల విభజనకూ పగ్గాలు వేస్తాయి. పగ్గం తెగితే రెండూ దెబ్బతింటాయి. నూనన్, కాస్టెలో సిండ్రోమ్‌లనే జన్యు జబ్బుల్లో పుట్టుకతోనే పాడైన ఆర్‌ఏఎస్ మార్గమే (కణాలకు పెరగమని కబురు మోసే దారి) ఎన్నో క్యాన్సర్లలోనూ పాడై కనిపిస్తుంది. జబ్బు పేరులోనే హెచ్చరిక ఉందన్నమాట. పేరు చెప్పి హెచ్చరిక దాచేస్తే ఎలా?

తల్లిదండ్రులను అనవసరంగా టెన్షన్ పెట్టొద్దన్నది కొందరి వాదన. బెక్‌విత్ వీడెమన్ (ఒళ్లు అతిగా ఎదిగే జన్యు జబ్బు) ఉన్న పిల్లల్లో ఎక్కువ మందికి క్యాన్సర్ రాదు, నిజమే. కానీ రిస్కు ఉన్నవారికి 3 నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీస్తే కణితి చిన్నగా ఉండగానే దొరుకుతుంది. అప్పుడు కిడ్నీలో కొంత భాగమైనా మిగుల్చుకునే అవకాశం ఉంటుంది. కడుపు ఉబ్బేదాకా ఆగితే ఆ అవకాశం చేజారుతుంది. చెప్పకపోతే భయం తగ్గదు, ఆలస్యంగా వస్తుందంతే.

డౌన్ సిండ్రోమ్ విషయంలో జరిగేది మరీ బాధాకరం. ఈ పిల్లలకు రొమ్ము క్యాన్సర్ లాంటి గడ్డల ముప్పు పెద్దయ్యాక కూడా తక్కువే, లుకేమియా (రక్త క్యాన్సర్) ముప్పు మాత్రం మిగతా పిల్లలకన్నా 10 నుంచి 20 రెట్లు ఎక్కువ. ఒళ్లు పాలిపోయినా, కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపించినా, ‘వీళ్లు ఇంతేనమ్మా’ అనే మాట తల్లి ఎందుకు వినాలి? సమయానికి పట్టుకుంటే ఈ పిల్లల్లో వచ్చే మైలాయిడ్ లుకేమియా కీమోకు బాగా లొంగుతుంది కూడా.

ఫాంకోనీ ఎనీమియా అనే జన్యు జబ్బులో పేరు తెలియడం ప్రాణాధారం. దెబ్బతిన్న డీఎన్‌ఏను సరిచేసుకోలేని ఆ శరీరానికి మామూలు డోసు కీమో ఇస్తే మందే చంపేయొచ్చు. ఆ మాట క్యాన్సర్ వార్డుకు చేరవేసే బాధ్యత ఎవరిది?

18 ఏళ్లు నిండాక ఫైలు మాయం. న్యూరోఫైబ్రోమాటోసిస్ టైప్ 1 (నరాల వెంట గడ్డలు వచ్చే జన్యు జబ్బు) ఉన్న స్త్రీలకు 50 ఏళ్లలోపే రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువ, 30 నుంచే ఏటా మామోగ్రామ్ తీయించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. పిల్లల డాక్టరు చెప్పరు, పెద్దల డాక్టరు అడగరు.

ఫీజు తీసుకుని పరీక్ష చేశారు, పేరు కనిపెట్టారు. ఏ వయసులో ఏ స్కాన్ తీయించాలో, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తి రావాలో అదే రిపోర్టు కింద నాలుగు లైన్లు రాయడానికి ఏం అడ్డొస్తోంది? రేపటి నుంచైనా రాయండి.