విశాఖ యుద్ధం, రివర్స్ గేరులో

నిన్న మా పెదనాన్న ఇంట్లో భోజనాలు. అక్క, బావగారు, మా మేనల్లుడు చింటూ కూడా వచ్చారు. తిన్నాక టీవీలో ఏం పెట్టాలన్న దాని మీద గొడవ, ఆ గొడవలో నా బ్యాగులో లాప్‌టాప్ ఉందని చింటూ బయటపెట్టడం, వైరు కోసం ఇల్లంతా వెతకడం, ఇవన్నీ చెప్పే ఓపిక ఇప్పుడు లేదు. మూడింటికల్లా నేను టీవీ పక్కన నిలబడి, "మన వైజాగ్ సముద్రంలో జరిగిన యుద్ధం చూపిస్తాను, అచ్చం జరిగింది జరిగినట్టు" అని ప్రకటించేశాను. బావగారు ఆ చివరి ముక్క గుర్తుపెట్టుకున్నారు. ఆయనకి అలాంటివే గుర్తుంటాయి.

వైజాగ్‌లో తెరచాపల యుద్ధమేమిటని మీరూ అంటారని తెలుసు. 1804 సెప్టెంబర్ 15న జరిగింది. ఇప్పుడున్న పోర్టు అప్పటికి లేదు, లోపలి హార్బరు తెరిచింది 1933లో. ఓడలన్నీ ఊరికెదురుగా సముద్రంలోనే లంగరేసుకునేవి. ఆ రోజు అలా ఆగి ఉన్నవాటిలో 50 ఫిరంగుల ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్, అది కాపలా కాస్తున్న ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ అనే రెండు వర్తక ఓడలు ఉన్నాయి. ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ 74 ఫిరంగుల మరెంగోనీ ఫ్రిగేట్లనే రెండు చిన్న యుద్ధనౌకల్నీ వెంటబెట్టుకుని వాటి మీదికొచ్చాడు. సెంచూరియన్ కెప్టెన్ సరిగ్గా ఆ టైముకి ఒడ్డున ఏదో పని మీద ఉన్నాడు. కాల్పులు మొదలయ్యాక పడవేసుకుని పరుగెత్తుకొచ్చాడు. చివరికి బార్నబీ ఒడ్డుకి కొట్టుకొచ్చి పగిలిపోయింది, షార్లెట్‌ని ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు, సెంచూరియన్ మాత్రం లోతు తక్కువగా ఉన్న చోటికి జరిగి, దెబ్బలు తిన్నా దక్కింది. గెలిచింది మేమేనని ఇద్దరూ ఇంటికి ఉత్తరాలు రాసుకున్నారు.

ఇంత చక్కటి యుద్ధం నా లాప్‌టాప్‌లో ఉన్న ఓడల యుద్ధం ఆటలో లేదు. ఆట పేరు చెప్పను. డబ్బులు పెట్టి కొన్నాను, అదొక్కటి చెప్తాను. 'చరిత్రకు నూటికి నూరుపాళ్ళూ కట్టుబడిన ఆట' అని ప్రకటనలో రాసుకున్నారు. లోపలికెళ్తే ఫిరంగి గుండు తగిలిన ప్రతిచోటా దీపావళి. ఆ రోజుల్లో యుద్ధనౌకలు ఒకదాని మీద ఒకటి వేసుకున్నవి చాలావరకు గట్టి ఇనప గుండ్లు. అవి పేలవు, చెక్కని చీల్చుకుంటూ పోతాయి, మనుషుల్ని ఎక్కువగా చంపేవి ఎగిరే ఆ చెక్కపేళ్ళే. మంచి తర్ఫీదున్న సిబ్బందికి కూడా పెద్ద ఫిరంగిని మళ్ళీ నింపి పేల్చడానికి నిమిషంన్నర పట్టేది, ఆటలో చిటికేసేలోపు అయిపోతుంది. అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది ఫ్రెంచి గుండు బరువు. మరెంగో లాంటి ఓడల కింది డెక్కు మీద ఉండేవి 36 పౌన్ల గుండు వేసే ఫిరంగులు. ఫ్రెంచివాళ్ళ పౌను ఇంగ్లీషు పౌను కంటే బరువు, కాబట్టి ఆ గుండు పదిహేడున్నర కిలోలు దాటాలి. వీళ్ళు ఇంగ్లీషు లెక్క కట్టి పదహారు చిల్లర పెట్టారు. గుండుకి కిలోంపావు తక్కువ తూకం! దీని మీద నేను మెయిలు పెడితే 'మీ ఉత్సాహానికి ధన్యవాదాలు' అని జవాబొచ్చింది.

సరే, సొంతంగా యుద్ధాలు తయారుచేసుకునే చోటొకటి ఆటలో ఉంది. విశాఖపట్నం మ్యాపు లేదు గానీ 'భారతదేశపు రేవు' అని ఒకటుంది, అదే తీసుకున్నాను. సెంచూరియన్ లేదు, మరో 50 ఫిరంగుల ఓడకి ఆ పేరు పెట్టాను. పేరు గడిలో పన్నెండు అక్షరాలే పడతాయి, అందుకని ప్రిన్సెస్ షార్లెట్ కాస్తా 'ప్రిన్సెస్ చా' అయింది. పెద్దమ్మ అది చదివి, మధ్యలో టీ కూడా ఇస్తారా అంది. సెంచూరియన్ తీసుకుంటే లంగరేసుకుని ఒక్కచోటే కూర్చోవాలి, చూసేవాళ్ళకి ఏం బావుంటుందని నేను మరెంగో తీసుకున్నాను. మొదలుపెట్టే ముందు 'నిజమైన గాలి' అన్న మీట నొక్కాను.

"మనవాళ్ళెవర్రా?" అన్నాడు పెదనాన్న.

"ఎవరూ కాదు పెదనాన్నా. ఒకళ్ళు ఇంగ్లీషువాళ్ళు, ఒకళ్ళు ఫ్రెంచివాళ్ళు."

"మరి మనవాళ్ళు?"

"ఒడ్డున నిలబడి చూస్తుంటారు."

"అయితే సరే" అని కాళ్ళు బార్లా చాపుకున్నాడు. వెంటనే మళ్ళీ లేచి టీవీ దగ్గరికొచ్చాడు. "కొండేదిరా?"

డాల్ఫిన్స్ నోస్ అన్నమాట. ఆయన ముప్పయ్యేళ్ళు పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. సముద్రం మీంచి వైజాగ్‌ని చూపిస్తే మొదట కొండే కనబడాలి ఆయనకి. ఆ మ్యాపులో కొండ లేదు. ఒడ్డున ఏదో గుమ్మటం, ఖర్జూరం చెట్లు లీలగా కనిపిస్తున్నాయి. "ముందు ఫిరంగులు చూడు పెదనాన్నా, కొండ తర్వాత" అని కూర్చోబెట్టాను.

మొదటి విడత బాగానే జరిగింది. సెంచూరియన్ పక్కనుంచి వెళ్తూ ఒకవైపు ఫిరంగులన్నీ పేల్చాను. చింటూ ఈల వేశాడు. ఇక వెనక్కి తిరిగి రెండోవైపు ఫిరంగులు పేల్చాలి. గాలేమో సముద్రం మీంచి ఒడ్డుకి వీస్తోంది. గాలివాటుగా ఒడ్డువైపు తిరిగితే చోటు చాలదు, నేలకెక్కుతాం. అందుకని పద్ధతి ప్రకారం ముక్కుని సముద్రం వైపుకి, అంటే గాలికెదురుగా తిప్పి, అవతలి పక్కకి తీసుకెళ్ళాలని నిర్ణయించాను. అడ్డచాపల ఓడ గాలికి మరీ ఎదురుగా నడవదు, దాదాపు 67 డిగ్రీలు ఎడంగా ఉండాల్సిందే. కాబట్టి తిరిగేటప్పుడు మధ్యలో ఉన్న ఆ నడవలేని భాగాన్ని ఉన్న వేగంతోనే దాటెయ్యాలి. ఇదంతా నేను పైకే చెప్తున్నాను. చెప్తూ ఉండగానే ఓడ సరిగ్గా గాలికెదురుగా ముక్కుపెట్టి ఆగిపోయింది.

ఆగిపోవడమంటే మామూలుగా కాదు. చాపలన్నీ వెనక్కి పొంగి తెరస్తంభాలకి అతుక్కుపోయాయి. జెండా నా వైపుకే రెపరెపలాడుతోంది. డెక్కు మీద బొమ్మ మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారు, ఒకడైతే ఉన్నచోటే నిలబడి టోపీ సర్దుకుంటున్నాడు, మళ్ళీ సర్దుకుంటున్నాడు. కెరటాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సెంచూరియన్ కూడా కాల్చడం మానేసింది, అంత దూరం దానికి గుండు అందదు కాబోలు.

"హ్యాంగయిందా?" అన్నారు బావగారు.

"లేదండీ. గాలికి ఎదురు పడింది. ఇది చాలా సహజం."

"అచ్చం జరిగింది జరిగినట్టే, కదూ?"

నేను వినిపించుకోలేదు. హాల్లో నిశ్శబ్దం పెరగకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. అందుకని మరెంగో కథ ఎత్తుకున్నాను. దానికి మొదట పెట్టిన పేరు జాన్ జాక్ రూసో. 1795లో ఆ తత్వవేత్త పేరుతో నీళ్ళలోకి దింపారు. 1802లో, నెపోలియన్ గెలిచిన యుద్ధం పేరు తగిలించారు. "పేరు మార్చిన ఓడ కలిసిరాదు" అంది పెద్దమ్మ, అప్పుడే పకోడీల పళ్ళెం తెస్తూ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. 1806లో ఆ ఓడని ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్న మాట నిజమే, అది చెప్తే పెద్దమ్మ గెలిచినట్టవుతుందని చెప్పలేదు.

ఓడ ఇంకా అలాగే ఉంది. కాబట్టి క్యారొనేడ్ల గురించి కూడా చెప్పాను. పొట్టి ఫిరంగులు, దగ్గర్లో ఉన్నవాళ్ళని చితక్కొట్టడానికి. తమాషా ఏమిటంటే 1817 దాకా ఇంగ్లీషు నేవీ వీటిని లెక్కలోకే తీసుకునేది కాదు. 38 ఫిరంగుల ఓడ అని కాగితం మీద రాసుకుని, నిజానికి 46 మోసుకు తిరిగేవి. మన బొంబాయిలో వాడియాలు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే ఓడ కూడా ఆ 38 తరగతిదే, ఇప్పటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో నిలబడి ఉంది. ఆటలో మాత్రం 38 అంటే లెక్కపెట్టి 38 పెట్టారు, ఒక్కటి ఎక్కువ లేదు. ఇలాంటి చోట నిజాయితీ చూపించడం కూడా మోసమే కదా అన్నాను. ఎవరూ అవునన్లేదు. పకోడీలు నములుతున్న చప్పుడు వినబడుతోంది.

"మావయ్యా," అన్నాడు చింటూ, "ఓడ కదుల్తోంది."

కదుల్తోంది. వెనక్కి.

ఇది కూడా సహజమే. గాలి చాపల్ని ముందునుంచి తోస్తుంటే ఓడ ఎటు పోతుంది? కానీ 74 ఫిరంగుల యుద్ధనౌక, అడ్మిరల్ జెండాతో సహా, పదిమంది బంధువుల ముందు నెమ్మదిగా, చాలా హుందాగా, వెనక్కి నడుచుకుంటూ పోవడం చూడాల్సి వస్తుందని నేను అనుకోలేదు. చుక్కాని కుడికి తిప్పాను. ముక్కు ఎడమకి కొంచెం వంగి మళ్ళీ గాలికే ఎదురయింది. ఎడమకి తిప్పాను, కుడికి వంగి మళ్ళీ అక్కడికే. అలా తల అడ్డంగా ఊపుతూ వెళ్తోంది.

"రివర్స్‌లో ఉంది కదా బామ్మర్దీ," బావగారు సోఫాలోంచి లేవకుండా అన్నారు, "స్టీరింగు అటు తిప్పాలి. మొన్న మీ గేటు దగ్గర నేను కారు తియ్యలా?"

"బావగారూ, ఇది మీ కారు కాదు. రెండు డెక్కుల యుద్ధనౌక."

ఓడ వెనక్కి పోతున్నప్పుడు నీళ్ళు చుక్కానికి అవతలి వైపునుంచి తగులుతాయి, అందుకని దాని పని తిరగబడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. పుస్తకంలో చదివిందే, బొమ్మతో సహా. అదే చెప్పబోతున్నాను. నోట్లో పకోడీ ఉంది. ఈలోపు చింటూ చెయ్యి చాపి మీట నొక్కిపట్టుకున్నాడు, ముక్కు జోరుగా పక్కకి తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. బావగారు చేతులు కట్టుకుని తలూపారు, ఫ్రాన్సు వాళ్ళు కబురు పెడితే ఇప్పుడే వెళ్ళి చేరతానన్నట్టు.

కానీ అప్పటికే ఆలస్యమైంది. లినోయ్ ఆ రోజు ఏ లోతు తక్కువ నీళ్ళకి భయపడి మరెంగోని దగ్గరికి తీసుకురాలేదో, ఆ నీళ్ళ మీంచి నేను వెనకడుగులు వేస్తూ వచ్చేశాను. కెమెరా దానంతటదే ఓడ వెనక్కి తిరిగింది. ఒడ్డు పెద్దదవుతోంది.

"ఇప్పుడు కనబడుతుంది కొండ!" పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగాడు.

కొండ కనబడలేదు. బంగారు గుమ్మటం కనబడింది, ఖర్జూరం చెట్లు కనబడ్డాయి, వాటి కింద ఇసకలో నిలబడి నెమరేస్తున్న రెండు ఒంటెలు కనబడ్డాయి. ధడేల్మని చప్పుడు. ఓడ ఇసకలో కూర్చుంది, ఒంటెలకి అర గజం దూరంలో. ఒకటి తలెత్తి చూసి మళ్ళీ నెమరేసుకుంది. దాని కనురెప్పల వెంట్రుకలు కూడా ఒక్కొక్కటీ విడివిడిగా గీశారు మహానుభావులు. గుండు బరువు చూసుకోవడానికి తీరికలేదు గానీ దీనికుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చూశారా! ఇండియా అంటే చాలు, ఒంటె! తెలుగు తీరంలో, 1804లో, వైజాగ్ ఇసకలో ఒంటెలేమిటండీ? వీళ్ళెప్పుడైనా..."

"మావయ్యా, ఆర్కే బీచ్!" అని గట్టిగా అరిచాడు చింటూ. "పోయిన్నెల నేను ఎక్కింది ఇదే!"

హాలంతా ఘొల్లుమంది. అక్క ఫోన్లో ఫోటో వెతికి తీసింది, చింటూ ఒంటె మీద, వెనక సముద్రం. పళ్ళెంతో పాటు ఫోను కూడా అందరి చేతులూ తిరిగింది. ఎవరో టీవీలో ఒంటెకీ ఫోటోలో ఒంటెకీ పోలికలు చెప్తున్నారు. ఇది రెండు వందల ఏళ్ళ కిందటి సంగతి, బీచ్‌లో సవారీల కోసం ఇప్పుడు తెచ్చిన ఒంటెలు వేరు అని నేను అరుస్తున్నాను. "ఒక్కటైనా కరెక్టుగా పెట్టాడు" అన్నాడు పెదనాన్న, ఎంతో తృప్తిగా.

"లాగకు బామ్మర్దీ, అక్కడే ఉండనీ," అన్నారు బావగారు. "ఆ కురుసుర సబ్‌మెరైన్‌ని కూడా బీచ్‌లోనే కదా పెట్టి మ్యూజియం చేశారు. పక్కనే ఇదీ పెడదాం. టికెట్లు నువ్వు కొయ్యి. అచ్చం జరిగింది జరిగినట్టు అని బోర్డు నేను రాయిస్తా."

తెర మీద ఆట కూడా ఏదో అంటోంది. ఓడని మళ్ళీ నీళ్ళలోకి దించాలంటే వజ్రాలు కొనాలిట, ఈ వారం తగ్గింపు ధర, కొన్నవాళ్ళకి మూతిలోంచి నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ ఉచితం. వైరు పీకేశాను.

రాత్రి ఇంటికొచ్చి కంపెనీకి మెయిలు రాశాను. పెద్దదే రాశాను. ఫ్రెంచి పౌనుకీ ఇంగ్లీషు పౌనుకీ తేడా, గుండ్లు ఎందుకు పేలకూడదు, క్యారొనేడ్లు లెక్కలోకి ఎప్పుడొచ్చాయి, మరెంగో ఏ డెక్కు మీద ఏ ఫిరంగులుండాలి, విశాఖకి దక్షిణాన కొండ ఎటువైపు పెట్టాలి, అన్నీ వరసగా. చిట్టచివర ఒక్క వాక్యంలో ఒంటెల మాట కూడా ఎత్తాను.

పొద్దున్నే జవాబొచ్చింది. ఫిర్యాదు అందిందిట, సంబంధిత విభాగానికి పంపారుట. విభాగం అన్న చోట 'జంతువులు' అని ఉంది.