మహారాజశ్రీ శాచురేషన్ స్లైడర్ గారి దివ్యసముఖమునకు

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా మాకు పుట్టుకతో వచ్చిన రంగుల్లో క్షేమంగా ఉన్నాం. అక్కడ తమరు, అనగా ఫోటోల్లో రంగుల చిక్కదనం పెంచీ తగ్గించే మీట గారు, ప్లస్ 60కి తగ్గకుండా క్షేమమని తలుస్తాను.

ముందు నా పరిచయం. మా పక్షుల గ్రూపులో నేనొక చిరుద్యోగిని. జీతం లేదు. కెమెరా కూడా లేదు, మెడలో ఒక పాత బైనాక్యులర్ వేలాడుతుంటుంది, అంతే. ఆదివారం భోజనాలయ్యాక మా మిత్రులు పొద్దున తీసిన ఫోటోలు ఒక్కొక్కటే పెట్టి "ఇదేం పిట్టండీ?" అని అడుగుతారు. పేరు చెప్పడం నా పని. ఒకప్పుడు హాయిగా ఉండేది. ముక్కు చూసి, కాళ్ళు చూసి, రెక్క మీద చార చూసి చెప్పేసేవాణ్ణి. తమరు మా వాళ్ళ ఫోన్లలోకి వేంచేసిన దగ్గర్నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోటోలో ఉన్నది పిట్టో, తమరో తేల్చుకునేసరికి సాయంత్రమవుతోంది.

పులికాట్ సంగతే చూడండి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. చలికాలంలో అటకానితిప్ప దగ్గర కారు ఆపితే దూరంగా నీళ్ళలో బారులు తీరి ఫ్లెమింగోలుంటాయి. మనవాళ్ళు రాజహంసలంటారు. ఎక్కువగా కనిపించేది గ్రేటర్ ఫ్లెమింగో. నిలబడి ఉన్నప్పుడు అది దాదాపు తెల్లగా, అక్కడక్కడ లేత గులాబీ ఛాయతో ఉంటుంది. అసలు రంగంతా రెక్క మడతలో దాచుకుంటుంది. ఎగిరితేనే ఆ ఎర్రగులాబీ, దాని అంచున నలుపు బయటపడతాయి. ఆ కాస్త గులాబీ అయినా ఊరికే రాలేదు. పుట్టినప్పుడు పిల్ల బూడిదరంగు. తల కిందులుగా ముంచి, బురదనీళ్ళు వడకట్టి, నాచూ రొయ్యల్లాంటి చిన్న జీవులూ తిని, వాటిలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలు ఒంటికి పట్టించుకుని, ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించుకున్న రంగు. తమరు బొటనవేలు ఒక్కసారి జరిపితే అంతకు నాలుగింతలు ఇచ్చేస్తారు. మేత ఖర్చు కూడా లేదు.

ఇందులో నాకొచ్చే కష్టం వేరు. లెస్సర్ ఫ్లెమింగో అని ఇంకో జాతి ఉంది. కాస్త పొట్టిది, గులాబీ ఎక్కువ, ముక్కు ముదురు రంగు. మొన్న ఒకాయన ఫోటో పెట్టి, "సార్, గుంపులు గుంపులుగా లెస్సర్లు! పేపరుకిద్దామా?" అన్నాడు. ముక్కు చూడమన్నాను. లేత గులాబీ, కొసన మాత్రం నలుపు. గ్రేటరే. "మరి ఆ రంగు?" అన్నాడు. "ఆ రంగు పక్షిది కాదు బాబూ, స్లైడర్ గారిది" అన్నాను. నొచ్చుకున్నాడు. మర్నాడు అదే ఫోటో "పులికాట్ సంధ్యారాగం" అన్న పేరుతో ఇంకా ఎర్రగా వచ్చింది. తీసింది పొద్దున.

తమరి పనితనం నాకు తెలియక కాదు. ఫోటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు. ఆ మూడింటి మధ్య తేడా ఎంత పెరిగితే రంగు అంత చిక్కన. తమరు చేసేదల్లా ఆ తేడాను సాగదీయడం. మామూలు జేపెగ్ ఫైలులో ఒక్కో అంకె 0 నుంచి 255 దాకానే ఉంటుంది. ఎరుపు 255 చేరాక ఎంత లాగినా పైకి పోదు. వెనకున్న చుక్కలన్నీ కూడా వచ్చి అక్కడే ఆగిపోతాయి. ఇక ఈకకూ ఈకకూ తేడా ఉండదు, ముద్ద మిగులుతుంది. వడ్రంగి పిట్ట నెత్తిన కుచ్చు తమరి చేతిలో పడ్డాక, కుంకుమ భరిణె బోర్లించినట్టుంటుంది. మా వాళ్ళకు అదే నచ్చుతుంది. "కలర్స్ పాప్ అయ్యాయి సార్" అంటారు. అయ్యాయి, నిజమే. పిట్టే కనబడటం లేదు.

తమరికి లొంగనిది ఒక్క తెల్లకొంగే అని చాన్నాళ్ళు నమ్మాను. అచ్చమైన తెలుపులో మూడు అంకెలూ సమానం కదా. తేడాయే లేని చోట తమరు సాగదీసేదేముంది? తమరి పప్పులు అక్కడ ఉడకవని లోలోపల మురిసిపోయాను. పొద్దుటి ఎండ నా మురిపెం తీర్చేసింది. ఆ వేళ వెలుతురులో కాస్త పసుపుంటుంది, అది కొంగ మీద కూడా చిటికెడు పడుతుంది. తమరికి చిటికెడు చాలు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు దగ్గర తీసిన చిన్న తెల్లకొంగ నా దాకా వచ్చేసరికి నారింజ తలతో వచ్చింది. "పశువుల వెంట తిరిగే కొంగ కదండీ?" అని ప్రశ్న. ఆ కొంగకు జతకట్టే రోజుల్లో తలా మెడా నిజంగానే నారింజకు తిరుగుతాయి మరి. ఈ పిల్లదానికి ముక్కు నల్లగా ఉంది కాబట్టి జాతి మారకుండా బతికిపోయింది. ముక్కునెందుకు వదిలేశారో, తమరి దయ.

చెరువు గట్ల బురదలో తిరిగే ఉల్లంకి పిట్టల దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వు రావడం మానేసింది. వాటి ఒళ్ళంతా ఇంచుమించు ఒకే బూడిద, ఒకే గోధుమ. విడదీసి చెప్పాలంటే కాళ్ళ వంక చూడాలి. రెడ్‌షాంక్‌వి ఎర్ర కాళ్ళు, గ్రీన్‌షాంక్‌వి ఆకుపచ్చ ఛాయవి, వుడ్ శాండ్‌పైపర్‌వి పసుపు ఛాయవి. ఎక్కడో ఉత్తరాన గుడ్లు పెట్టి, వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి మన చెరువు గట్టున దిగితే, తమరు కాళ్ళకు రంగేసి పాస్‌పోర్టు మార్చేస్తున్నారు. ఆ ఫోటోనే మా వాడు, ఎవరు ఏ పక్షిని చూశారో నమోదు చేసే ఈబర్డ్ సైటులో రుజువుగా ఎక్కిస్తాడు. మన దేశంలో ఏ పక్షి పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అని లెక్కకట్టి 2023లో ఇచ్చిన నివేదిక ఉంది చూశారూ, అది ఇలాంటి మామూలు మనుషులు ఎక్కించిన రికార్డుల మీదే ఆధారపడింది. అందులో బాగా తగ్గిపోతోందని చెప్పిన పక్షుల్లో మన పాలపిట్ట కూడా ఉంది.

పాలపిట్ట మాటెత్తాను కాబట్టి అదీ చెప్పేస్తాను. తీగ మీద కూర్చున్నప్పుడు పాలపిట్టకు అంత హంగేమీ ఉండదు. మట్టిరంగు వీపు, ఊదా కలిసిన గోధుమ ఎద. లేచి ఎగిరిందా, రెక్కల్లో లేత నీలం, ముదురు నీలం పట్టెలు విచ్చుకుంటాయి. ఆ నీలంలో రంగు పదార్థం లేదు. ఈకలోని అతి సన్నని అల్లిక వెలుతురును చెదరగొట్టే తీరు వల్ల మనకు నీలంగా కనబడుతుంది. అంటే రంగు వాడకుండానే రంగు తెప్పించిన పనితనం. తమరు మాత్రం కూర్చున్న పిట్టను కూడా వీపుతో సహా నీలం చేసి పంపిస్తున్నారు. మా మేనల్లుడి కూతురికి ఈ మధ్య శంకరపల్లి దారిలో కరెంటు తీగ మీద పాలపిట్టను చూపించాను. "అది కాదు తాతయ్యా, ఫోన్లో చూశాగా, పాలపిట్ట నీలంగా ఉంటుంది" అంది. తెలంగాణ రాష్ట్ర పక్షి, తన రాష్ట్రంలో తీగ మీద కూర్చుని, ఆరేళ్ళ పిల్ల ముందు గుర్తింపు కార్డు చూపించుకోలేక పోయింది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. దసరా నాడు దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని దర్శనం చేయించే వాళ్ళున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వద్దన్నా ఆగరు. వాళ్ళ కంటే తమరు నయం. రెక్కలు కట్టెయ్యరు.

తమరి భక్తులెవరో కూడా నాకు తెలుసు. పొద్దెక్కాక లేచి, దారిలో ఇడ్లీ కోసం ఒకసారి, టీ కోసం ఇంకోసారి ఆగి, పదిన్నరకు నేలపట్టు చేరుకునే వాళ్ళు. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తూ ఉంటుంది. చెట్ల మీద గూళ్ళలో గూడబాతుల నీడలు వాటి పొట్ట కిందకే పోయి ఉంటాయి. దూరమంతా వేడికి మసకమసకగా అల్లాడుతుంటుంది. పొద్దున ఆరున్నరకు ఉచితంగా ఇచ్చిన రంగును వాళ్ళు పదిన్నరకు తమరి దగ్గర అప్పు తెచ్చుకుంటారు. గూడబాతేమో స్వతహాగా బూడిదరంగు మనిషి, దాని దగ్గర లాగడానికేముంది? ఒకాయన లాగాడు. ఊదా వచ్చింది. తమరు లేకపోతే ఈ రాష్ట్రాల్లో సగం మంది ఫోటోగ్రాఫర్లు అలారం పెట్టుకునేవారని నా అనుమానం.

"నేనొక్కడినేనా? నాకు ముందు వెల్వియా లేదా?" అని తమరడగొచ్చు. అడగాల్సిందే. 1990లో వచ్చిన ఆ ఫ్యూజీ స్లైడ్ ఫిల్ము రంగుల్ని దట్టంగా చూపించడానికే పేరు పడింది. ఎంతోమంది ప్రకృతి ఫోటోగ్రాఫర్లు ఆ రంగుల కోసమే దాన్ని వాడారు. కాకపోతే దాని స్పీడు, అంటే వెలుతురుకు స్పందించే చురుకు, 50 మాత్రమే. కదిలే పిట్టను దాంతో పట్టాలంటే మంచి వెలుతురు కోసం కాచుకోవాలి. పైగా ఫిల్ము కెమెరాలో ఒకసారి ఎక్కించాక ప్లస్ 60 నుంచి ప్లస్ 90కి జరపడానికి ఉండదు. దానికంటే పాతకాలపు మనిషి మద్రాసు ఫోటోగ్రాఫర్ ఎం. కృష్ణన్. ముక్కలు ముక్కలు కూర్చి సొంతంగా కెమెరా కట్టుకుని, దానికి సూపర్ పాండరోసా అని తమాషా పేరు పెట్టుకుని, అడవుల్లో ఏనుగుల వెంట తిరిగాడు. తీసింది నలుపు తెలుపులో. తమరి లెక్కలో మైనస్ 100. ఆ ఏనుగుల్లో ఏ ఒక్కదాన్ని చూసినా, ఇంకొంచెం రంగుంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపించలేదు.

అన్యాయంగా మాట్లాడటం నాకిష్టం లేదు. కెమెరా ఏ మెరుగులూ దిద్దకుండా ఇచ్చే రా ఫైలు చప్పగానే ఉంటుంది, కళ్ళతో చూసినదానికి దగ్గరగా రావడానికి తమరి సాయం కాస్త కావాల్సిందే. ప్లస్ 8 దగ్గర తమరంత మర్యాదస్తులు లేరు. అలాగే, 2017లో లండన్ వాళ్ళ పెద్ద వన్యప్రాణి ఫోటో పోటీలో బహుమతి కొట్టేసిన చీమలపందిక్కీ తమరికీ సంబంధం లేదు. అది బొమ్మగా కూరిపెట్టిన జంతువని తేల్చి మరుసటి ఏడాది బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఆ పాపం తమరి ఖాతాలో వెయ్యను. తమరి తమ్ముడు వైబ్రెన్స్ గారైతే మరీ నెమ్మదస్తుడు. అప్పటికే చిక్కగా ఉన్న రంగుల జోలికి పెద్దగా పోడు. అందుకే ఆయన్ని ఎవరూ పిలవరు.

నాకు అసలు బాధ మట్టిరంగు పిట్టల గురించి. పూరేడు, కౌజు, ఇంకా కడప జిల్లా లంకమల ముళ్ళపొదల్లోని కలివికోడి. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక అంతరించినట్టేనని అనుకున్నాక, 1986లో మళ్ళీ దొరికిన పిట్ట అది. ఎద మీద రెండు తెల్ల పట్టీలు, చీకటి పడ్డాక తిరుగుడు, పగలంతా మట్టిలో మట్టి. ఎవరికీ కనబడకూడదని తయారైన రంగు. అలాంటి రంగుకు మా గ్రూపులో లైకులెన్ని పడతాయో తమరికి నేను చెప్పక్కర్లేదు. మా వాళ్ళు కౌజుపిట్ట ఫోటో తీసినా ఎవరికీ చూపించరు. "కలర్ లేదు సార్, డిలీట్ చేశా" అంటారు. తమరు నేరుగా చంపిన పిట్ట ఒక్కటీ లేదు. తమరికి పనికిరాని పిట్టల్ని చూడటమే మానేశారు జనం.

కాబట్టి మనవి ఏమంటే, తమరు ఉద్యోగం మానక్కర్లేదు. పూలమొక్కలున్నాయి, పెళ్ళి ఆల్బములున్నాయి, ఫ్లెక్సీలున్నాయి. సూళ్ళూరుపేట ఫ్లెమింగో పండక్కి కట్టిన బ్యానర్ల మీద తమరి ప్రతాపం చూశాను, అక్కడ ఎవరూ కాళ్ళ రంగు అడగరు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం నాకు వదిలేయండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఇదేం పిట్ట శాఖ.

తా.క.: తమరి బంధువు స్కై రిప్లేస్‌మెంట్ గారి చిరునామా ఉంటే పంపగలరు. నిన్న ఒక ఫోటోలో ఆయన పులికాట్ మీద ఎర్రటి మబ్బులు దింపి, నీళ్ళలో మాత్రం పాత నీలి ఆకాశాన్నే ఉంచేశారు. ఆ ఫోటో కింద కూడా "ఇదేం పిట్టండీ?" అనే అడిగారు.